బూడిద ఇటుకలతో కర్బన ఉద్గారాలు నిజంగా తగ్గుతాయా?

ఇల్లు కట్టుకోబోతూ, థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాల్చగా మిగిలే బూడిదతో చేసే ఇటుకలతో ఉద్గారాలు తగ్గుతాయన్నది నిజమా, అమ్మేవారి మాటా అని మీరు అడిగారు. ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రానికి దగ్గరలో ఏడేళ్లు చిన్న ఇటుకల యూనిట్ నడిపాను. నిజమే, కాకపోతే ఎంత తగ్గుతాయన్నది ఇటుకలో ఏం కలిపారన్న దాన్ని బట్టి ఉంటుంది.

మట్టి ఇటుకను బట్టీలో కాల్చాలి, అందుకు బొగ్గో ఊకో కావాలి. బూడిద ఇటుకను అచ్చుపోసి, రెండు వారాలకు పైగా నీళ్లతో తడిపితే చాలు. బూడిదలోని సిలికా, అల్యూమినా తడిలో సున్నంతో కలిసి గట్టిపడతాయి. విశాఖపట్నంలో పరిశోధకులు భానుమతీదాస్, కాళిదాస్‌లు బూడిద, సున్నం, జిప్సమ్‌లతో రూపొందించిన ఫాల్-జి పద్ధతికి ఆధారం ఇదే. సున్నపురాయిని కాల్చి తీసిన సున్నమైతే అక్కడా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి, ఎసిటిలీన్ కర్మాగారాల్లో మిగిలే కార్బైడ్ సున్నం, ఎరువుల కర్మాగారాల్లో మిగిలే జిప్సమ్ దొరికితే ఆదా ఇంకా ఎక్కువ.

ఎలాంటి బూడిద వాడాలో తెలియక మొదటి ఏడాది నేను దెబ్బతిన్నాను. చౌకగా వస్తోందని ఒక బూడిద చెరువులోని (థర్మల్ కేంద్రం బూడిదను నీటితో కలిపి వదిలే చోటు) తడి బూడిద తెచ్చి పోశాను. గరుకుగా ఉన్న ఆ బూడిద సున్నంతో సరిగా కలవక, ఇటుకల అంచులు చేతిలోనే రాలిపోయాయి. సున్నంతో పాటు వేసే సిమెంటు మోతాదు పెంచితే ఇటుక నిలబడింది గానీ, అసలు ప్రయోజనం తగ్గిపోయింది. సిమెంటుకు మూలమైన క్లింకర్ ఒక టన్ను తయారైతే సుమారు 800 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది; అందులో సగానికి మించి సున్నపురాయి వేడికి విడిపోయి సున్నంగా మారడం వల్లే వస్తుంది కాబట్టి, కొలిమిలో ఇంధనం మార్చినా అది పోదు. ఆ తర్వాత బల్కర్ లారీల్లో (మూసిన ట్యాంకు లారీల్లో) వచ్చే పొడి బూడిదకు మారి, సిమెంటు బాగా తగ్గించగలిగాను.

అందుకే కొనేముందు ఏ బూడిద, ఎంత సిమెంటు కలిపారో అడగండి. నన్నడిగితే, ఇటుక కన్నా శ్లాబుకు వాడే సిమెంటు గురించే ఎక్కువ ఆలోచించాలి. మన ప్రమాణాల ప్రకారం పీపీసీలో (పోర్ట్‌ల్యాండ్ పొజోలానా సిమెంటులో) 15 నుంచి 35 శాతం బూడిదను, స్లాగ్ సిమెంటులో 25 నుంచి 70 శాతం ఉక్కు కర్మాగారాల స్లాగ్‌ను, అంటే ఇనుము తీయగా మిగిలే చిట్టాన్ని కలుపుతారు. ఆ మేరకు క్లింకర్ తగ్గినట్టే. ఈ సిమెంట్లు బలం పుంజుకోవడానికి కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటాయి కాబట్టి, మేస్త్రి తొందరపడినా సెంట్రింగ్ త్వరగా విప్పనివ్వకండి, తడపడం మానకండి.