వలలో చిక్కిన నీటికాకి

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు. మా చేపల చెరువు మీద కట్టిన వలలో నీటికాకులు, కొంగలు తరచూ చిక్కుకుంటున్నాయి. మా అత్తగారు పాలు పట్టమంటారు. మా వారు దారం తీసి గట్టు మీద వదిలేస్తే చాలంటారు. మా అబ్బాయేమో పెంచుకుంటానని ఒకటే గొడవ. ఏం చేయమంటారు డాక్టరు గారూ?
– ఒక పాఠకురాలు

జవాబు: పాలు మాత్రం వద్దమ్మా. పక్షులకు పాలు అరగవు. అంతకంటే ప్రమాదం ఆ చెంచా. పక్షికి నాలుక మొదట్లోనే గాలిగొట్టం తెరుచుకుని ఉంటుంది. బలవంతంగా పోస్తే మంచినీళ్లయినా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దెబ్బకు బతికి, ఇలా పట్టిన నీళ్లకు చచ్చిపోయిన పక్షుల్ని చూశాను. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది. చేపముక్కలు కూడా వెంటనే పెట్టకండి. గాలికి కన్నాలు పెట్టిన అట్టపెట్టెలో పాతగుడ్డ పరిచి, పక్షిని అందులో ఉంచి మూత వేయండి. టీవీ, కుక్క, పిల్లల సందడి లేని గదిలో పెట్టండి. నిమరకండి. మన చెయ్యి దానికి ఓదార్పు కాదు, భయం.

వలలోంచి తీసేటప్పుడు పక్షిని లాగొద్దు, వలనే కత్తిరించండి. ఒకరు తలమీద తువ్వాలు కప్పి, రెక్కలు ఒంటికి ఆనించి పట్టుకోవాలి. కత్తెర రెండోవాళ్లు పట్టాలి. కొంగ సూటిగా కంట్లోనే పొడుస్తుంది, మొహానికి దూరంగా ఉంచండి. అలాగని నీటికాకి ముక్కు కట్టేయకండి. దాని ముక్కురంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి, నోటితోనే ఊపిరి తీసుకుంటుంది. విరిగిన రెక్కకు కట్టు కట్టినా రొమ్ము చుట్టూ బిగించకూడదు. రొమ్మెముక కదిలితేనే పక్షికి గాలి ఆడుతుంది. కండలోకి దిగిన దారాన్ని ఇంట్లో పీకకుండా అలాగే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.

గట్టు మీద వదిలేయడం సంగతి మీ వారికి చెప్పండి. దారం బిగిసిన చోట రక్తం ఆడక, పైకి బాగున్న రెక్క కూడా రెండు మూడు రోజుల తర్వాత పాడైపోవచ్చు. ఎగరలేని పక్షిని కుక్కలు బతకనివ్వవు.

బాబుకు కోపం వస్తుందేమో గానీ, పెంచుకోవడం కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, దొరికిన పక్షి గురించి 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో అటవీ అధికారికో చెప్పాలి. పైగా నీటికాకికి ఈత కావాలి, మునిగి వేటాడాలి. గచ్చు మీద ఉంచితే కాళ్లకు పుళ్లు పడతాయి, ఈకలు చెడిపోతాయి. బాగా ఎగిరి, తన చేపను తనే పట్టుకోగలిగాకే, దొరికిన చోటికే తీసుకెళ్లి పొద్దున్నపూట వదలాలి. అందుకే ఎక్కడ, ఏ వేళకు దొరికిందో బాబుతోనే పెట్టె మీద రాయించండి. చాలా అవసరమైన పని అది.

అసలు వల సంగతి చూడండి. వదులుగా వేలాడే సన్నటి నైలాను వలే పక్షుల ప్రాణం తీస్తోంది. లావు దారం, కంటికి కనబడే రంగు, బిగువుగా కట్టడం, పొద్దున సాయంత్రం ఒకసారి చూసుకోవడం. కొంచెం ఖర్చే, కానీ తప్పదు.

ఇంకో మాట. 2025 ఫిబ్రవరిలో తణుకు వైపు కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చింది కదా. చేతికి గ్లౌజులు, మూతికి మాస్కు లేకుండా ఏ పక్షినీ పట్టుకోకండి, పెట్టెను పెరట్లో కోళ్ల దగ్గర పెట్టకండి. గట్టున ఒకేసారి చాలా పక్షులు చచ్చి కనిపిస్తే ముట్టుకోవద్దు, వెంటనే పశువుల డాక్టరుకు ఫోన్ చేయండి.