కొలువు బొమ్మలు ఏ పెట్టెలో ఉన్నాయి?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు కింది గదుల్లోవి చాలావరకు పోయాయి. చేతికందినవి మేడ మీదికి చేర్చాం. ఆ తరువాత కొన్నవీ, బంధువులు ఇచ్చినవీ కలిసి ఇప్పుడు అటక మీద, మంచాల కింద, మేడగదిలో ఇరవైకి పైగా పెట్టెలు, మూటలు ఉన్నాయి. ఏది ఎందులో ఉందో ఎవరికీ తెలియదు. మొన్న సంక్రాంతికి, మా అత్తగారు పాత చీరలో చుట్టి దాచిన కొండపల్లి దశావతారాలు ఎంత వెతికినా దొరకలేదు. కొలువు పెట్టకుండానే పండగ వెళ్లిపోయింది. మావారు నోటు పుస్తకంలో రాసుకోమంటారు. అమ్మాయి ఫోనులో యాప్ ఉందంటుంది. అబ్బాయి ప్రతి పెట్టెకూ క్యూఆర్ కోడ్ అంటిస్తానంటాడు. ఏ పద్ధతి మంచిది?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు ఒక మాట అడగాలి. మీ ఇంట్లో అటక ఎక్కేది ఎవరు? లెక్క రాయాల్సింది వారే. ఎక్కేది మీరు, రాసేది మీవారు అయితే ఆ పుస్తకం ఉగాది దాకా కూడా నిలవదు.

నేను గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఇరవై రెండేళ్లు గుమాస్తాగా చేశాను. మిర్చి యార్డులో ధర నచ్చని రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెచ్చి మా దగ్గర పెట్టుకునేవాడు. లోపలికి వెళితే అన్నీ ఒకే గోనె, ఒకే ఘాటు. అందులో తేజ రకం ఏదో, 334 రకం ఏదో పైనుంచి చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. అయినా అడిగినవాడి సరుకు గంటలో బయటికి వచ్చేది. ఎలాగంటే, టిక్కీ మీద సరుకు పేరు రాసేవాళ్లం కాదు. రంగుతో లాటు నంబరు, పక్కన గీత, ఆ లాటులో ఎన్ని టిక్కీలో ఆ అంకె. 612/40. అంతే. ఆ 612 ఎవరిది, ఏ రకం, ఏ ఛాంబరులో ఎన్నో అంతస్తులో ఉంది, అదంతా రిజిస్టరులో ఉండేది. దించేటప్పుడు 39 మాత్రమే వచ్చాయంటే, ఒకటి పక్క లాటులో కలిసిందని అక్కడికక్కడే తెలిసిపోయేది.

మీ పెట్టెలకూ అదే చేయండి. పైన ‘వంట సామాను’ అని రాయకండి. వచ్చే నెల అందులోకి ఎవరిదో స్వెట్టరు చేరుతుంది, ఆ రాత అబద్ధమవుతుంది. 7/12 అని రాయండి. ఏడో పెట్టె, పన్నెండు వస్తువులు. 7 రంగుతో, 12 సుద్దముక్కతో. ఎందుకంటే 12 మారుతుంది, 7 మారదు. మూత మీద మాత్రం వద్దు. దాని మీద ఇంకో పెట్టె కూర్చుంటుంది, పైగా మూతలు తారుమారవుతాయి. రెండు పక్కల రాయండి. ఇక పుస్తకంలో పెట్టెకు ఒక పేజీ, పై మూలన అది ఉన్న చోటు, అదీ పెన్సిలుతో.

అతి మాత్రం చేయకండి. ఆ పని నేను చేశాను. ఉద్యోగం మానేశాక ఇంటికి పద్నాలుగు గళ్ల రిజిస్టరు కట్టాను. కొన్న తేదీ, ధర, ఇత్తడివైతే బరువు కూడా. మా ఆవిడ మూడు వారాలు ఓపిక పట్టి, ‘జాడీలో ఆవకాయ తీయాలన్నా మీకు చీటీ రాసివ్వాలా?’ అని అడిగింది. ఆ రిజిస్టరు ఇప్పుడు పాల లెక్కకు పనికొస్తోంది.

యాప్‌తో తగాదా లేదు, వెతకడం తేలిక. కానీ మా కోడలు ‘గ్యాస్కెట్’ అని ఎక్కించింది, మా ఆవిడ ‘కుక్కరు రబ్బరు’ అని వెతికింది. లేదని వచ్చింది. కొత్తది కొన్నాం. అందుకని ఎందులో రాసినా ఇంట్లో పిలిచే పేరే రాయాలి. ఫోనును దాని అసలు పనికి వాడుకోండి: పెట్టె మూసే ముందు, నంబరు చీటీ కూడా పడేలా పైనుంచి ఒక ఫొటో. నాలుగు పేజీల జాబితా చెప్పలేనిది అది చెబుతుంది.

క్యూఆర్ కోడ్‌ను జపాన్‌లో డెన్సో వాళ్లు 1994లో కారు విడిభాగాల లెక్క కోసం తయారు చేశారు. వేల భాగాలు కదిలే చోట, యంత్రం చదివే చోట దాన్ని మించింది లేదు. మీవి ఇరవై పెట్టెలు. ఆ చుక్కల గడిని మీరు గాని మీ అత్తగారు గాని కంటితో చదవలేరు. నిచ్చెన మీద ఒక చేత్తో పట్టు, రెండో చేత్తో ఫోను! అదీగాక కోడ్ తనంతట తాను పెట్టెలోకి తొంగి చూడదు. దాని వెనక ఉండే జాబితా ఎవరో ఒకరు రాయాల్సిందే. అబ్బాయి ముచ్చటపడితే నంబరు పక్కన అంటించనివ్వండి, నంబరుకు బదులుగా మాత్రం కాదు.

కాబట్టి నా ఓటు మీవారి పుస్తకానికే, అమ్మాయి ఫోను దానికి తోడు. నెలకోసారి పేజీలన్నీ ఫొటో తీసి వేరే ఊళ్లో ఉన్న మీవాళ్లకు పంపండి. నీళ్లు వచ్చిన ఇంట్లో పుస్తకం ఒక్కటే ఉంటే సరిపోదని మీకు నేను చెప్పాలా.

పుస్తకంలో చివరి పేజీ అరువు వస్తువులకు వదలండి. మా పెద్ద గుండిగ కోసం రెండేళ్లు అటక గాలించాను. అది తెనాలిలో మా బావమరిది ఇంట్లో ఉంది. వాళ్ల అమ్మాయి ఓణీల ఫంక్షనుకు నేనే ఆటోలో ఎక్కించి పంపానట!

మీ పేటకు ఇంకొక సంగతి. స్టీలు, ఇత్తడి కింద ఉన్నా ఫరవాలేదు, కడుక్కుంటే పోతుంది. చెక్క, బట్ట, కాగితం మేడ మీదే ఉండాలి. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి చెక్క, దూదిలా తేలిక. దానికి తడి తగలకూడదు, పురుగు పట్టకూడదు. ఇంటి దస్తావేజులు 1వ నంబరు. అది పెట్టె కాదు, భుజాన వేసుకోగలిగే సంచి.

ఇరవై పెట్టెలూ ఒక్క ఆదివారంలో పెట్టుకోకండి, నడుము పట్టేస్తుంది. రోజుకు రెండు చాలు. మొదటిది దుప్పట్ల మూట. పాత చీరలో చుట్టినదాన్ని, ఆ నీళ్ల హడావుడిలో, విప్పి చూడకుండా ఎవరైనా బట్టలనుకునే పైకి చేరవేసి ఉంటారు. అందులో లేకపోతే బొంతల పెట్టె, కలరా ఉండల వాసన వచ్చేది. దొరికితే పది అవతారాలూ ఉన్నాయో లేదో లెక్కపెట్టి, పెట్టె మీద సుద్దతో రాయండి. నాకూ ఒక కార్డు రాయండి.