అటక మీది బీబీసీ మైక్రో

ప్రశ్న: మా నాన్నగారు పనిచేసిన బడిలో వేలం వేసినప్పుడు కొన్న బీబీసీ మైక్రో కంప్యూటరు అటక మీద దొరికింది. ఆన్ చేయవచ్చా? ఇంత పాత యంత్రాల మీద కొందరికి అంత మోజు ఎందుకు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: దయచేసి ఇప్పుడే ప్లగ్గు పెట్టకండి. దాని పవర్ సప్లైలో మెయిన్స్ వైపు ఉండే కాగితపు కెపాసిటర్ల పైతొడుగు ఏళ్లు గడిచేకొద్దీ బీటలు వారి తేమను పీల్చుకుంటుంది. కరెంటు తగిలిన కాసేపటికి అవి పగిలి గదంతా ఘాటు పొగ కమ్ముతుంది. తెలిసిన ఎలక్ట్రానిక్స్ మెకానిక్ చేత ముందుగా వాటిని మార్పించండి. మీరే విప్పే సాహసం వద్దు.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో ఏకార్న్ సంస్థ 1981 చివర్లో విడుదల చేసిన ఈ యంత్రాలే బడి పిల్లలకు కంప్యూటరు పరిచయం చేయడానికి 1984లో మొదలైన ‘క్లాస్’ పథకం ద్వారా మన దేశంలోని బడులకు వచ్చాయి. మీది కూడా బహుశా ఆ దారినే వచ్చి ఉంటుంది.

ఇక మోజు సంగతి. దీన్ని పాత జ్ఞాపకాల మీద మమకారంగా మాత్రమే చూడటం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే ఆ రోజుల్లో పుట్టని కుర్రవాళ్లు కూడా వీటిని వెతికి మరీ కొంటున్నారు. స్విచ్ వేయగానే రెండు స్వరాల బీప్ వినిపించి, మరుక్షణమే తెర మీద బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష మీ ఆజ్ఞ కోసం ఎదురుచూస్తుంది. ఈ యంత్రంలో మోడల్ బి అనే రకానికి ఉన్న మెమొరీ మొత్తం 32 కిలోబైట్లు. ఎక్కువ రంగులు కావాలని మోడ్ 2 అనే తెర అమరికను ఎంచుకుంటే తెరకే 20 పోతాయి, వ్యవస్థ తన అవసరాలకు మూడున్నర ఉంచుకుంటుంది, మీ ప్రోగ్రాముకు మిగిలేది ఎనిమిదిన్నర మాత్రమే. ప్రతి బైటూ ఎక్కడికి పోయిందో చేతివేళ్ల మీద లెక్క చెప్పగలగడం, అంటే ఒక కంప్యూటరును ఒక మనిషి ఆసాంతం అర్థం చేసుకోగలగడం, నేటి ల్యాప్‌టాప్‌తో సాధ్యం కాని పని. దీని బేసిక్‌ను రాసిన సోఫీ విల్సన్, సహచరుడు స్టీవ్ ఫర్బర్‌తో కలిసి ఆ తరువాత రూపొందించిన ఆర్మ్ ప్రాసెసరు వారసులే నేడు మన ఫోన్లను నడుపుతున్నాయి.

మరమ్మతు పూర్తయ్యేలోగా బ్రౌజరులోనే నడుస్తూ ఈ యంత్రాన్ని అనుకరించే జేఎస్‌బీబ్ అనే ఎమ్యులేటరుతో సాధన చేయండి. అందులో ‘మోడ్ 2’ ఆజ్ఞ ఇచ్చి, హైమెమ్ (ప్రోగ్రాముకు దొరికే చోటు ముగిసే స్థానం) లోంచి పేజ్ (ఆ చోటు మొదలయ్యే స్థానం) విలువను తీసివేసి ముద్రించమనండి. క్యాసెట్ మాత్రమే వాడే యంత్రమైతే 8704 బైట్లు, అంటే పైన చెప్పిన ఎనిమిదిన్నర కిలోబైట్లే చూపుతుంది. ఫ్లాపీ డిస్కులను నడిపే చిప్ ఉన్నదైతే, దానికీ కొంత మెమొరీ పోతుంది కనుక, 5888.