తమ్ముడి పేరు మీద విరాళం రసీదు తీసుకోవచ్చా?

ప్రశ్న: నేను తెనాలి దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ని. జీతం ఏడాదికి 11.40 లక్షలు. కొన్నేళ్లుగా ఒక అనాథ పిల్లల ట్రస్టుకి మార్చిలో 30 వేలు ఇస్తున్నాను. విరాళాలకు మినహాయింపు ఇచ్చే 80జి సెక్షన్ కింద పన్నులో కొంత తగ్గేది. 2025-26కి కొత్త పన్ను విధానం ఎంచుకున్నాను. అందులో ఆ మినహాయింపు లేదట. 'ఇక ఇచ్చి ఏం లాభం?' అంటున్నారు తోటివాళ్లు. మా తమ్ముడు కాంట్రాక్టరు, పాత విధానంలోనే ఉన్నాడు. డబ్బు నేనిచ్చినా రసీదు తమ్ముడి పేరు మీద రాస్తామని ట్రస్టు మేనేజర్ అంటున్నారు. అలా చేయవచ్చా? (ఒక పాఠకుడు)

జవాబు: చేయకూడదండీ. విరాళం ఎవరు చెల్లిస్తే మినహాయింపు వారికే. మీ ఖాతా నుంచి వెళ్లిన డబ్బుకు మీ తమ్ముడు మినహాయింపు అడిగితే అది తప్పుడు క్లెయిమ్. ట్రస్టు ప్రతి దాత పాన్ నంబరుతో 10బీడీ ఫారం ఆదాయపు పన్ను శాఖకు పంపాలి, దాతకు 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. బ్యాంకు స్టేట్‌మెంట్ అడిగిన రోజున విషయం బయటపడుతుంది. అప్పుడు ఎగ్గొట్టిన పన్ను, వడ్డీ కట్టడంతో పోదు. ఆదాయం తప్పుగా చూపారని తేలితే 270ఎ సెక్షన్ కింద ఆ పన్నుకు 200 శాతం జరిమానా పడవచ్చు. ట్రస్టుకూ చిక్కులే. మేనేజర్ గారు సాయం చేద్దామనే అని ఉండవచ్చు, కానీ ఆ చిక్కుల్లో నష్టపోయేది పిల్లలే.

ఇక మీ అసలు ప్రశ్న, 'ఇచ్చి ఏం లాభం' అన్నది. దీనికి లెక్క వేసి చూద్దాం. పాత విధానంలో మీ జీతంలోంచి స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, పీఎఫ్, బీమా లాంటి పొదుపులకు 80సి కింద లక్షన్నర తీసేస్తే 9.40 లక్షలు మిగులుతుంది. వృత్తి పన్ను లాంటివి పక్కన పెడదాం. దాని మీద సెస్సుతో కలిపి పన్ను 1,04,520. ఇలాంటి ట్రస్టులకు ఇచ్చిన దానిలో సగమే, అంటే 15 వేలే ఆదాయంలోంచి తగ్గుతుంది. అప్పుడు పన్ను 1,01,400. తేడా 3,120 రూపాయలు. అంటే ఇన్నేళ్లూ మీరిచ్చిన 30 వేలల్లో దాదాపు 27 వేలు మీ జేబులోవే. పన్ను కోసం ఇచ్చానని మీరే అనుకుంటున్నారేమో గానీ ఈ లెక్క ఆ మాట ఒప్పుకోదు.

కొత్త విధానంలో 75 వేల డిడక్షన్ పోను మీ ఆదాయం 10.65 లక్షలు. 2025-26 నుంచి 12 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి మీ పన్ను సున్నా. మూడు వేల రాయితీ పోయి, లక్ష రూపాయల పన్ను ఆదా అయింది. ఇవ్వగల స్తోమత పెరిగిందే గానీ తగ్గలేదు.

అయినా రాయితీ పోతే మనసు వెనక్కి లాగుతుంది, అది సహజం. మార్చి వచ్చేసరికి 'ఇంత ఇస్తే ఇంత తగ్గుతుంది' అన్న ఆలోచనే చాలామంది చేత చెక్కు రాయించేది. ట్రస్టులు ఈ మార్పుకి భయపడటంలో అర్థముంది. 30 శాతం శ్లాబులో ఉండి, నూరు శాతం మినహాయింపున్న ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చేవారికి పాత విధానంలో రూపాయికి 31 పైసలు తగ్గుతుంది. అలాంటివారికి తేడా పెద్దదే. ఏ విధానమో లెక్క చూసుకుని తేల్చుకోవాలి. జీతం మీద బతికేవారు గడువులోపు రిటర్ను వేసేటప్పుడు ఏటా విధానం మార్చుకోవచ్చు. వ్యాపార ఆదాయం ఉన్న మీ తమ్ముడి లాంటివారికి అంత వెసులుబాటు లేదు.

మీ విషయంలో నాకు కనిపించే మంచి ఇంకొకటుంది. 80జి కోసమైతే గుర్తింపు ఉన్న సంస్థకే ఇవ్వాలి, రెండు వేలు దాటితే నగదు పనికిరాదు, బియ్యం బస్తాలిచ్చినా లెక్కలోకి రావు. ఇప్పుడు ఆ షరతులతో మీకు పనిలేదు. మార్చి దాకా ఆగకుండా బడులు తెరిచే జూన్‌లోనే ఇవ్వవచ్చు. మీ వీధిలో చదువుకునే పిల్ల ఫీజు నేరుగా కట్టవచ్చు. ఒకటి గుర్తుంచుకోండి: బంధువులు కానివారి నుంచి ఒకరికి ఏడాదిలో అందిన మొత్తం 50 వేలు దాటితే అది వారి ఆదాయం కింద లెక్కకు వస్తుంది. ట్రస్టుకి ఇచ్చినప్పుడు మాత్రం రాయితీ లేకపోయినా మీ పేరు మీద రసీదు అడిగి తీసుకోండి, డబ్బు లెక్కల్లోకి వెళ్లిందనడానికి అదే ఆధారం.

తమ్ముడి పేరు మీద ఇప్పటికే రసీదు రాసి ఉంటే వెంటనే రద్దు చేయించండి. 10బీడీ పంపేసినా దాన్ని సవరించే వీలుంది. మీ తమ్ముడు రిటర్ను వేయకముందే ఆ పని పూర్తి కావాలి.