తండా పిల్లలు వలసల వల్ల బడి మానకుండా మనం ఏం చేయగలం?

నారాయణపేట దగ్గరి మీ తండాలో ఏటా దసరా కాగానే పిల్లలు అమ్మానాన్నల వెంట వలసపోయి బడి మానేస్తున్నారని, ఎంత చెప్పినా తల్లిదండ్రులు వినట్లేదని రాశారు. అలా పోయిన పిల్లల్లో నేనూ ఒకణ్ని. మాది కోస్గి వైపు. అమ్మానాన్న పుణె పక్కన మట్టిపనికి పోయేవాళ్లు.

దయచేసి వాళ్లకు చదువు విలువ చెప్పకండి. అది మా నాన్నకు బాగా తెలుసు. కూలీలను గుంపుగా పనికి తీసుకుపోయే మేస్త్రీ అడ్వాన్స్ రాసుకుని వేలిముద్ర వేయమంటే, మూడో తరగతిలో ఉన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని "అయిదు పక్కన ఎన్ని సున్నలున్నయిరా?" అని చెవిలో అడిగాడు. ఆ డబ్బు అక్క పెళ్లి అప్పుకే పోయింది. ఒకసారి అడ్వాన్స్ ముట్టాక గుంపు కదిలితే కదలాల్సిందే. 2006లో ఉపాధి హామీ మొదటి విడతలోనే మా జిల్లాకు వచ్చింది, అమ్మ ఆ పనికీ పోయింది. కానీ ఆ కూలి ఎప్పుడో పడేది. అప్పులవాడు గుమ్మంలో ఉన్నప్పుడు ఒక్కసారిగా చేతిలో డబ్బు పెట్టేది మేస్త్రీయే.

అందుకే మాట్లాడాల్సింది దసరాకు కాదు, అడ్వాన్స్ ముట్టకముందే, అంటే వినాయక చవితికి ముందే. అప్పుడైనా అడగాల్సింది "పిల్లలను ఎవరి దగ్గర ఉంచుతారు?" అనే.

నేను ఒక ఏడాది పోయొచ్చాను. తిరిగొస్తే బళ్లో పేరు కొట్టేశారు, నాకంటే జానెడు పొట్టి పిల్లల మధ్య కూర్చోబెట్టారు. నాతో వచ్చిన ఇద్దరు ఆ సిగ్గుతోనే మానేశారు. ఇప్పుడైతే 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, టీసీ ఆలస్యమైందని వెనక్కి పంపకూడదు. ఇది గట్టిగా అడగండి.

మరుసటి ఏడాది ఒక సారు ఇంటికొచ్చి మా అవ్వను అడిగాడు: "మధ్యాహ్నం బళ్లో అన్నముంది. రాత్రికి నువ్వు పెడతవా అవ్వా?" రేషన్ కార్డు అవ్వ దగ్గరే వదిలిపోయేలా నాన్నను ఒప్పించాడు. నేను వలసపోకుండా ఊళ్లో ఆగింది అంతటితోనే. ఆ చలికాలమంతా అవ్వ కట్టెల పొయ్యి ముందు జొన్నరొట్టె కొడుతుంటే ఆ వెలుగులోనే ఎక్కాలు అప్పజెప్పేవాణ్ని.

ఆడపిల్లలకు అవ్వ ఉన్నా తల్లి గుండె నిలవదు. వాళ్లకు కస్తూర్బా గానీ గురుకులం గానీ చూడండి. గురుకులం అయిదో తరగతి దరఖాస్తులు సాధారణంగా చలికాలంలో వస్తాయి, అప్పటికి తల్లిదండ్రులు ఊళ్లో ఉండరు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు వాళ్లు పోకముందే మీసేవలో తీయించి పెట్టండి. నా చెల్లెలికి ఒక ఏడాది ఆ కాగితాలు లేకే పోయింది.

అడ్వాన్స్ తీరలేదని ఎవరినైనా పనిచోట కదలనివ్వకపోతే అది వెట్టి. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద ఆ బాకీ రద్దవుతుంది. ఆర్డీవోకో కలెక్టర్‌కో రాతపూర్వకంగా ఇవ్వండి, విడుదల పత్రం చేతికొచ్చేదాకా వదలకండి.

మొదట మాత్రం ఒక నోట్‌బుక్ తీసుకుని, మీ తండాలో ముసలివాళ్లు ఊళ్లోనే ఉండిపోయే ఇళ్లు ఎన్ని ఉన్నాయో రాసుకోండి.