'ట్వెల్వ్ ఓ క్లాక్ హై' సినిమాను ఇప్పటికీ అంతగా ఎందుకు ఇష్టపడతారు?

రెండో ప్రపంచయుద్ధం నేపథ్యంలో, రెండు గంటలకు పైగా సాగే నలుపు తెలుపు హాలీవుడ్ సినిమా. బాంబర్ల, అంటే బాంబులు వేసే విమానాల కథే అయినా ఆకాశంలో పెద్ద పోరాటం చివరికి గాని రాదు. అయినా చూసినవారంతా ఎందుకు నెత్తిన పెట్టుకుంటారని మీరు అడిగారు. నేను దీన్ని రెండుసార్లు చూశాను. రెండోసారి మా నాన్నగారి పక్కన కూర్చుని చూసినప్పుడే నాకు జవాబు దొరికింది.

మొదటిసారి చూసింది బ్యాంకులో మేనేజరుగా ప్రమోషన్ వచ్చిన కొత్తలో, శిక్షణ తరగతిలో. నాయకత్వం గురించి చెప్పడానికి అమెరికా సైన్యంలోనూ, కంపెనీల్లోనూ ఈ సినిమాను ఏళ్ళ తరబడి వాడుతున్నారు. కథ 1942 చివర్లో, ఇంగ్లండులోని ఒక అమెరికన్ బాంబర్ స్థావరంలో మొదలవుతుంది. అక్కడి 918వ గ్రూపు అనే విమాన దళం వరుసగా మనుషులను పోగొట్టుకుంటోంది. దాని అధిపతి డావెన్‌పోర్ట్ తన కుర్రాళ్ళను కన్నబిడ్డల్లా చూసుకుంటాడు. ఆ ప్రేమ వల్లే గ్రూపు దెబ్బతింటోందని పై అధికారులు అతన్ని తప్పించి జనరల్ శావేజ్‌ను పంపుతారు. శావేజ్‌గా నటించింది గ్రెగరీ పెక్. వచ్చీ రాగానే బార్ మూయిస్తాడు, శిక్షణ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టిస్తాడు, పైలట్లను నిలబెట్టి మీరు ఇప్పటికే చనిపోయారనుకోండి, అప్పుడు భయం ఉండదు అంటాడు. పైలట్లందరూ బదిలీ కోరుతూ అర్జీలు పెడతారు.

మాకు పాఠం చెప్పినాయన సారం అంతా ఇక్కడే తేల్చేశారు. డావెన్‌పోర్ట్ మెతక, శావేజ్ గట్టివాడు, గట్టివాడే గెలిచాడు. నాకు అప్పుడే మనసొప్పలేదు. ఎందుకంటే సినిమా అక్కడ ఆగదు. కఠినంగా ఉండటానికి వచ్చిన ఆ మనిషే నెమ్మదిగా ఆ కుర్రాళ్ళకు కట్టుబడిపోతాడు. డావెన్‌పోర్ట్‌లో ఏ తప్పు పట్టుకుని అతన్ని తీసేశారో అదే శావేజ్‌నూ పట్టుకుంటుంది. చివరికి ఒక తెల్లవారుజామున విమానం ఎక్కబోతే అతని చేతులు లేవవు. తలుపు అంచు పట్టుకుని తన ఒంటిని తాను పైకి లాక్కోలేకపోతాడు. అరుపులు లేవు, కన్నీళ్ళు లేవు. ఒక మనిషి పూర్తిగా అయిపోవడాన్ని ఇంత నిశ్శబ్దంగా చూపించిన సన్నివేశం నేను మరొకటి చూడలేదు.

అయితే నన్నడిగితే ఈ సినిమా శావేజ్‌ది కాదు, స్టోవాల్‌ది. మేజర్ స్టోవాల్ ఆఫీసు పని చూసే అడ్జుటెంట్, వయసు మళ్ళినవాడు, యుద్ధానికి ముందు లాయరు. ఆ పాత్రకు డీన్ జాగర్‌కు ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ వచ్చింది. కథంతా అతని జ్ఞాపకమే. 1949లో లండన్‌లో ఒక పాత సామాన్ల దుకాణంలో రాబిన్ హుడ్ ముఖం చెక్కిన మగ్గు అతని కంటపడుతుంది. ఒకప్పుడు అది స్థావరంలోని ఆఫీసర్ల క్లబ్బులో ఉండేది. దాని ముఖం గదివైపు తిప్పి ఉంటే తెల్లవారితే దాడి ఉందని గుర్తు. దాన్ని కొని, జాగ్రత్తగా పట్టుకుని, రైలెక్కి, ఆ తర్వాత సైకిల్ తొక్కుకుంటూ ఆ పాత రన్‌వేకు వెళతాడు. గడ్డి ఏపుగా పెరిగి ఉంటుంది, పక్కన పశువులు మేస్తుంటాయి. స్టోవాల్ నిలబడి చూస్తుండగా ఎక్కడి నుంచో ఇంజన్ల మోత. గడ్డి ఒక్కసారిగా వెనక్కి వాలిపోతుంది. తెర మీద విమానం ఇంకా కనిపించదు. గాలికి వంగిన గడ్డి మాత్రమే.

మధ్యలో ఇంకొకటుంది. ఒక రాత్రి స్టోవాల్ తాగి కూర్చుంటాడు. పోయిన కుర్రాళ్ళ ముఖాలు ఒక్కటీ విడిగా గుర్తుకు రావడం లేదని, అన్నీ కలిసి ఒకే ముఖంగా, చాలా లేత ముఖంగా కనిపిస్తున్నాయని శావేజ్‌తో అంటాడు. మీరు ఈ సినిమా చూస్తే ఆ రెండు నిమిషాలూ ఫోను పక్కన పెట్టండి.

దీన్ని రాసిన బీర్న్ లే, సై బార్ట్‌లెట్ ఇద్దరూ ఇంగ్లండు నుంచి పోరాడిన అమెరికన్ బాంబర్ దళంలో పనిచేసినవారే. 918 అనే సంఖ్య కూడా ఊరికే రాలేదు, నిజంగా ఉన్న 306వ గ్రూపుకు మూడు రెట్లు. ఆ గ్రూపును చక్కదిద్దడానికి 1943 జనవరిలో వెళ్ళిన అమెరికన్ అధికారి ఫ్రాంక్ ఆర్మ్‌స్ట్రాంగే శావేజ్‌కు మూలం. వాళ్ళు నడిపిన బి-17 బాంబర్‌లో పదిమంది ఉండేవారు. 25 దాడులు పూర్తిచేస్తే ఇంటికి పంపేవారు, కానీ ఆ అంకె చేరినవారు తక్కువ. 1943 అక్టోబరు 14న జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్ బేరింగుల ఫ్యాక్టరీల మీదికి దాదాపు 290 విమానాలు వెళ్ళాయి, 60 కూలిపోయాయి. ఒక్క మధ్యాహ్నంలో దాదాపు ఆరువందల మంది తిరిగి రాలేదు. సినిమా చివరివైపు ఆకాశంలో కనిపించే పోరాట దృశ్యాలు యుద్ధంలో అసలు కెమెరాలు తీసినవే. వాటితో కలిసిపోవాలనే రంగుల్లో తీయలేదు. ఈ విషయం తెలిశాక మంటల్లో తిరగబడుతున్న విమానాన్ని మామూలు సినిమా దృశ్యంలా చూడటం నా వల్ల కాలేదు.

ఇక నాన్నగారి సంగతి. ఆయన భారత వైమానిక దళంలో ఇంజన్ ఫిట్టర్. 1971 యుద్ధంలో ఆగ్రాలో కాన్‌బెర్రా బాంబర్ల దగ్గర ఉన్నారు. ఇంట్లో ఆ రోజుల గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. పోయిన సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు ఈ సినిమా పెట్టాను. బాంబులు పడే చోట ఆయనకు ఏ ఆసక్తీ కలగలేదు. దాడికి వెళ్ళిన విమానాలు తిరిగొచ్చేటప్పుడు, కింద ఉన్నవారు తలెత్తి చూసే చోట మాత్రం ఆయన బొటనవేలు కుర్చీ చేతి మీద కదలడం చూశాను. వేళ్ళ కణుపులు లెక్కపెడుతున్నారు.

ఏమిటి నాన్నగారూ అని అడిగాను.

"మావి రాత్రి పూట వెళ్ళేవమ్మా. బ్లాకౌట్, ఏమీ కనబడదు. చెవితోనే లెక్క. విమానం కదలబోయే ముందు చక్రాలకు అడ్డం పెట్టిన దిమ్మలు తీసేవాళ్ళం కదా, మళ్ళీ అది వచ్చేదాకా ఆ దిమ్మ మీదే కూర్చునేవాడిని. పైలట్, నావిగేటర్, ఇద్దరూ నాకంటే చిన్నవాళ్ళు. నా చేత్తో బిగించిన ఇంజన్లతో వెళ్ళారు. నిద్ర ఎలా పడుతుంది?"

మీ విమానం ఎప్పుడైనా రాకుండా పోయిందా అన్నాను. లేదు, ప్రతిసారీ వచ్చింది అన్నారు. మరి యాభై ఏళ్ళ తర్వాత కూడా ఈ లెక్కేమిటని నేను అడగలేదు.

యుద్ధ సినిమాలు సాధారణంగా వెళ్ళేవారితో పాటు మనల్నీ తీసుకెళతాయి. ఇది చాలాసేపు మనల్ని కింద వదిలేస్తుంది. ఆ ఎదురుచూపు ఎంత భారమో స్టోవాల్‌ను చూస్తే తెలుస్తుంది. ఒకసారి అతనూ, స్థావరంలోని మతగురువూ చెప్పాపెట్టకుండా విమానాలెక్కి దాడికి వెళ్ళిపోతారు. మొదటిసారి చూసినప్పుడు మా తరగతిలో అందరం నవ్వాం. నాన్నగారు నవ్వలేదు. "నేనూ అడిగాను, తీసుకెళ్ళమని" అన్నారు.

చివర్లో శావేజ్ కుర్చీలో రాయిలా కూర్చుని ఉంటాడు. ఎవరు పిలిచినా పలకడు. దూరంగా ఇంజన్ల చప్పుడు వినబడుతుంది. అప్పుడు నేను నాన్నగారి వైపు తిరిగి చూశాను. ఆయన తెర చూడటం లేదు. కళ్ళు మూసుకుని, తల కాస్త పక్కకు వంచి వింటున్నారు. బొటనవేలు మళ్ళీ కణుపుల మీదికి వచ్చింది.