స్క్విష్ అంటే పిసకడమా, చిదమడమా?

ఇంగ్లిష్‌లో 'స్క్విష్' (squish) అన్నా 'క్రష్' (crush) అన్నా ఒకటే కదా, ఎక్కడైనా వాడొచ్చా అని ఒకరు అడిగారు. వాడకూడదండీ. నేను వాడి చీవాట్లు తిన్నాను.

విజయవాడలో ఒక పార్సిళ్ల ఆఫీసులో పనిచేసేవాణ్ని. ఒక వేసవిలో నూజివీడు రసాల పెట్టెలు కొన్ని దారిలో నలిగిపోయాయి. బీమా వాళ్లకు మెయిల్ రాస్తూ, సినిమాల్లో విన్న మాటే కదా అని పండ్లు 'స్క్విష్' అయ్యాయని రాసేశాను. మేనేజర్ గారు చదివి "ఏమయ్యా, క్లెయిమ్ రాస్తున్నావా, చంటిపిల్లలకు కథ చెబుతున్నావా?" అన్నారు. 'క్రష్డ్' అని దిద్ది పంపించారు.

అర్థం తప్పలేదు, రాసిన చోటు తప్పు. అది ఇంట్లో, స్నేహితుల మధ్య వాడే మాట.

ఇక అర్థానికొస్తే, చిన్నరసం ఎలా తింటామో గుర్తు చేసుకోండి. పండును అరచేతుల మధ్య పెట్టి మెల్లగా పిసుకుతాం. లోపల గుజ్జు జారుతూ ఉంటుంది. తొడిమ దగ్గర కొరికేసరికి పిచిక్కుమని రసం చిమ్మి మోచేతి దాకా కారుతుంది. ఆ మెత్తదనం, ఆ తడి, ఆ చప్పుడు అన్నీ ఉన్న మాట స్క్విష్. బురదలో చెప్పులు చేసే చప్పుడుకీ ఇదే వాడతారు. గుంటూరు యార్డులో ఎండుమిర్చి కాలికింద పడితే మాత్రం స్క్విష్ కాదు, క్రంచ్. టమాటా తొక్కితే స్క్విష్.

'స్క్వాష్' దీనికి అన్నలాంటిది. 17వ శతాబ్దంలో స్క్విష్ దాన్నుంచే పుట్టి ఉంటుందని నిఘంటువులు అంటాయి. (గుమ్మడి జాతి స్క్వాష్‌కు దీనితో చుట్టరికం లేదు. అది అమెరికా ఆదివాసుల మాట.) స్క్వాష్‌లో బలం ఎక్కువ, అణిచేయడం ఉంది. పుకారును స్క్వాష్ చేస్తారు గానీ స్క్విష్ చేయరు.

ఇంకో వాడుక ఉంది. బెంజి సర్కిల్లో షేర్ ఆటో ఎక్కి, ముగ్గురి సీట్లో నాలుగోవాడిగా "కాస్త సర్దుకోండి" అంటూ ఇరుక్కుంటాం చూడండి, దాన్ని 'స్క్విష్ ఇన్' అంటారు. ఒళ్లో అరటిపళ్ల సంచి ఉంటే రెండర్థాలూ ఒకేసారి తెలిసొస్తాయి.

స్క్విష్ అయినంత మాత్రాన పాడైపోవాలని లేదు. మా అమ్మాయి దగ్గర 'స్క్విషీ' అనే స్పాంజి బొమ్మ ఉంది, పిడికిట్లో నలిపి వదిలితే మెల్లగా మళ్లీ ఉబ్బుతుంది. క్రష్ అయిన పెట్టె అలా లేవదు. అందుకే ఫిర్యాదులో క్రష్డ్ రాయండి, వాట్సాప్‌లో స్నేహితుడికైతే స్క్విష్ అనండి.